రొట్టె రాయి మీద మెతుకులు

2025 ఆగస్టు పదమూడు, బుధవారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో గారెలు, పరమాన్నం, అరటికాయ కూర, పెసరపప్పు, నువ్వుల ఉండలు తిన్నాం. నా భార్య కాత్యాయని తద్దినం. ఆ రోజు భోజనం ఇంత బాగా గుర్తుండిపోవడానికి కారణం, తర్వాత కొన్ని రోజులపాటు ఊరంతా నా వంట గురించే మాట్లాడుకోవడం.

అరటికాయలు ఈ ఊళ్లో దొరకవు. తద్దినానికి క్యాబేజీ, క్యారెట్ లాంటి సీమ కూరగాయలు పనికిరావంటారు. ఇక్కడి కొట్లో ఉన్నవన్నీ సీమవే. అందుకని మా అల్లుడు భార్గవ్ ముందు శనివారం మెల్‌బోర్న్ శివార్లలోని ట్రుగనీనా దాకా వెళ్లి, ఐసు పెట్టెలో అరటికాయలూ, గడ్డకట్టిన అరటాకులూ తెచ్చాడు. అత్తగారి తద్దినం కోసం రోజంతా కారు నడిపి, వచ్చాక నడుం నొప్పి అని కూడా అనలేదు. మంత్రం మెల్‌బోర్న్ పురోహితుడు ఫోన్‌లో చెప్పాడు. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయినా విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చెప్పాడు. 

ఊరి పేరు బ్రెడ్‌స్టోన్. మెల్‌బోర్న్‌కి పడమర, గోధుమ పొలాల మధ్య ఒకే ఒక్క వీధి. ఒక పబ్, ఒక బేకరీ, గోధుమలు నిలవచేసే కాంక్రీటు గాదెలు, రైళ్లు ఆగడం మానేసిన స్టేషను. నా కూతురు సింధుజ ఇక్కడి క్లినిక్‌లో డాక్టరు. ఆమె రాకముందు కొన్నేళ్లు ఈ ఊరికి డాక్టరే లేడు. క్లినిక్ నడిపేది ఊరి కమిటీ. సింధుజ కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని సెప్టెంబరులో కమిటీ కూర్చోవాలి. వాళ్ల వీసా ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంది. 

నేను కాకినాడలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. అందుకే ఇక్కడికి రాగానే ఊరు ఎలా పుట్టిందని ఆరా తీశాను. వాగు ఒడ్డున, బేకరీకి ఎదురుగా, మంచమంత బల్లపరుపు రాయి ఉంది. దాని మీద ఇత్తడి ఫలకం. ‘1846లో గొర్రెల మందలతో వచ్చిన శామ్యూల్ కాల్డర్‌వుడ్, ఆకలితో ఉన్న ఆదివాసుల కోసం ఈ రాతిపై రొట్టె ఉంచాడు. ఆ దయలోంచి ఈ ఊరు పుట్టింది.’ అంతే. వచ్చే ఏడు నూట ఎనభయ్యో వార్షికోత్సవం చెయ్యాలని అప్పుడే సన్నాహాలు మొదలయ్యాయి.

ఆ ఫలకం చదివిన రోజే నాకు ఏదో తేడాగా అనిపించింది. రాయి పక్కన చక్కటి బల్ల ఉంది, నీడ ఉంది, వాగు ఉంది. ఎవరూ అక్కడ కూర్చుని తినరు. బేకరీలో పఫ్ కొనుక్కున్నవాళ్లు ఎండలోనైనా రోడ్డుకు అవతల ఫుట్‌పాత్ మీదే తింటారు. ఫలకం పాతదే కానీ మరలు కొత్తవి. చుట్టూ రాతి మీద ఊచతో పెకలించిన గాట్లు. రొట్టె కథ చెప్పమని బేకరీ ఆవిడను అడిగితే వాన గురించి చెప్పింది. పబ్ యజమాని ఫుట్‌బాల్ గురించి చెప్పాడు.

అయినా తద్దినం రోజున నేను ఆ రాయి దగ్గరికే వెళ్లాను. కాకుల కోసం. కిందటేడు పిండం పెరట్లో పెడితే సాయంత్రం దాకా ఒక్క కాకీ దిగలేదు. కాత్యాయనికి నా మీద ఏం కోపమో అని రాత్రంతా దొర్లాను. రాయి పక్కనున్న చెట్టు మీద ఎప్పుడూ కాకులుంటాయి. ఇక్కడి కాకులు మన వాటికన్నా పెద్దవి. కళ్లు తెల్లగా ఉంటాయి. పసిపిల్ల గుక్కపెట్టినట్టు అరుస్తాయి. అరటాకులో నువ్వులు కలిపిన అన్నపు ముద్దలు పెట్టి, దూరంగా నిలబడ్డాను. దిగలేదు. ఆగస్టు ఇక్కడ చలికాలం, గాలికి చెవులు నొప్పెట్టాయి. నేనుంటే రావేమోనని ఆకు అక్కడే వదిలి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఉదయం ఆ రాయి దగ్గర గ్రాహం టలీ కుక్క చచ్చిపడి ఉంది.

గ్రాహం డెబ్బై దాటిన రైతు. క్లినిక్ కమిటీకీ, ఊరి చరిత్ర సంఘానికీ ఆయనే అధ్యక్షుడు. పాత స్టేషన్‌ను మ్యూజియంగా మార్చింది కూడా ఆయనే. బెస్ అనే ఆ కుక్క ఆయన వెనకే పబ్‌కీ, మీటింగులకీ వచ్చి కాళ్ల దగ్గర పడుకునేది. అలాంటి కుక్క మూతికి నురగతో పడి ఉందన్నారు. మధ్యాహ్నానికల్లా ఊరి ఫేస్‌బుక్ పేజీలో ఒక ఫొటో. అరటాకు మీద మిగిలిన ఒక తెల్లటి ముద్ద, అందులో నల్లటి చుక్కలు. ‘ఈ ఎర ఎవరు పెట్టారు?’ అని కింద రాసుంది.

సింధుజ క్లినిక్ నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా ఫోన్ నా ముందు పెట్టింది.

“నాన్నా, ఇది మన ఆకే కదా?”

“మనదేనమ్మా.”

“అయ్యో నాన్నా! ఆ రాయే దొరికిందా మీకు? ఇంత పెద్ద ఆస్ట్రేలియాలో?”

“అక్కడే కాకులుంటాయని…”

భార్గవ్ వంటింట్లోంచి వచ్చాడు. వాళ్లది వరంగల్. ఇంటి నుంచే ఏదో కంపెనీకి పనిచేస్తాడు. “సింధూ, జర ఊపిరి పీల్చుకోనియ్ మామయ్యను. మామయ్యా, మీరు ఎవ్వరికీ ఏం చెప్పకుండ్రి. మా అత్తమ్మకు అన్నం పెట్టినం, కాకి డెలివరీ చేస్తదని వీళ్లకెట్ల ఎక్స్‌ప్లెయిన్ చేస్తరు? ట్రాకింగ్ నంబర్ అడుగుతరు.”

సింధుజకు నవ్వు రాబోయి ఆగిపోయింది. “నవ్వకు భార్గవ్. నిన్న మిమ్మల్ని ఆకుతో ఎవరో చూశారట. ఈరోజు ముగ్గురు పేషెంట్లు క్యాన్సిల్ చేశారు. నాలుగో ఆవిడ వచ్చి, నేనిచ్చిన శాంపిల్ ట్యాబ్లెట్ చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నోట్లో వేసుకోలేదు. నా చేత్తో ఇచ్చింది మింగడానికి భయపడితే నేనింక ఇక్కడ ఏం డాక్టర్ని నాన్నా?”

నేను అన్నం పెట్టిన చోట, నా కూతురి చేతి మీద అనుమానం మొలిచింది.

శుక్రవారం బేకరీకి వెళ్లాను. లోపల మాటలు వినిపిస్తున్నాయి. నేను తలుపు తియ్యగానే ఆగిపోయాయి. కాలేజీలో స్టాఫ్ రూముల్లో ఇలాంటి నిశ్శబ్దాలు చాలా విన్నాను. మనమీద మాట్లాడుతూ ఆగినప్పుడు ఎవరో ఒకరు దగ్గుతారు. ఇక్కడ ఎవరూ దగ్గలేదు. వాళ్ల ముఖాల్లో కోపం వెతికాను. కనిపించింది భయం. కుక్క చచ్చిపోతే కోపం రావాలి. భయం ఎందుకు? బేకరీ ఆవిడ నా చేతికి రొట్టె ఇస్తూ, అలవాటు ప్రకారం వేడి పోకుండా ఇంకో కాగితం చుట్టింది. భయపడుతూనే చుట్టింది. ఆ కాగితానికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నాకూ అనుమానం జబ్బు పట్టుకుంది. ఆ ఫొటో తీసిందెవరు? పక్కింటాయన చెత్తబుట్ట పెడుతూ మా కిటికీ వైపు ఎందుకు చూశాడు? ఆ వెళ్లే కారు మా ఇంటి ముందుకు రాగానే నెమ్మదించినట్టుందే? చివరికి నా వంట మీద నాకే అనుమానం వేసింది. వంటింట్లోకి వెళ్లి నువ్వుల డబ్బా వాసన చూశాను. 

శనివారం ఎవరికీ చెప్పకుండా గ్రాహం పొలానికి నడిచాను. వాగు దాటితే ఆయన కంచె. గొర్రెలు ఈనే కాలం కదా, పచ్చగడ్డిలో తల్లుల పక్కన పిల్లలు వణుకుతున్నాయి. గేటుకి కొత్త తీగ ముక్కలు రెండు వేలాడుతున్నాయి. ఏదో బోర్డు కట్టి, తర్వాత తెంపేసినట్టు. లోపల ఆయన ట్రక్కు వెనక ఒక పసుపుపచ్చ రేకు బోల్తా వేసి ఉంది.

గ్రాహం షెడ్డు పక్కన కొత్తగా పూడ్చిన మట్టిని పారతో సరిచేస్తున్నాడు. నేను టోపీ తీశాను.

“మిస్టర్ టలీ, ఆ అన్నం పెట్టింది నేనే. అందులో నువ్వులు తప్ప ఏమీ లేవు. మీ బెస్ పోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంది.”

ఆయన పార ఆపాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

“ఆ రాయి మీదే ఎందుకు పెట్టావు?”

“కాకుల కోసం.”

“అది కాదు. ఆ రాయే ఎందుకు? ఎవరు చెప్పారు నీకు?”

“ఏం చెప్పాలి?”

“వార్షికోత్సవం ఆపించడానికి ఎవరైనా నీతో పెట్టించారా? డాట్ పెట్టించిందా?”

“నాకు డాట్ ఎవరో కూడా సరిగ్గా తెలియదు,” అన్నాను. 

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నా ముఖంలో తెలివితక్కువతనం తప్ప ఇంకేమీ లేదని తేలిందేమో, చూపు నేలకు దించేశాడు. “అయితే నీకేమీ తెలియదు,” అన్నాడు తనలో తను. తర్వాత, “ఇంటికి వెళ్లు రావ్. జారుతుంది, వాగు దగ్గర జాగ్రత్త,” అన్నాడు. 

కుక్క గురించి ఒక్క మాట అడగలేదు. అన్నంలో ఏం కలిపావని అడగలేదు. తిరిగి వస్తూ ట్రక్కు పక్కన ఆగి, ఆ రేకు అంచు ఎత్తి చూశాను. ‘విషపు ఎరలు. కుక్కలను కట్టి ఉంచండి.’ నక్కలు గొర్రెపిల్లలను ఎత్తుకుపోకుండా రైతులు మాంసపు ఎరల్లో విషం పెట్టి కంచె వెంట పాతుతారని అంతకుముందే విన్నాను. రేకును ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి వచ్చేశాను. 

ఇంట్లో చెప్పగానే సింధుజ లేచి నిలబడింది. “అయితే ఆయనకి తెలుసు! తెలిసే ఊరుకున్నాడు!”

“పోస్ట్ పెడదాం,” అన్నాడు భార్గవ్. “ఫొటో తీసినరా మామయ్యా?”

“తియ్యలేదు.”

“ప్రూఫ్ లేకుంటే మనమాట వాళ్లమాట. కమిటీలో ఆయనే జడ్జి, ఆయనే ముద్దాయి.”

రాత్రంతా ఆలోచించి, ఆదివారం పొద్దున్నే లేచి నువ్వులన్నం వండాను. నువ్వులు వేయించి, దంచి, ఎండుమిర్చి పోపు వేసి. సింధుజ నిద్రకళ్లతో వచ్చి, “ఎక్కడికి నాన్నా?” అంది. “రాయి దగ్గర కూర్చుని టిఫిన్ తింటాను. చూసేవాళ్లు చూస్తారు,” అన్నాను. వద్దంటుందనుకున్నాను. గిన్నెకు మూత వెతికి పెట్టింది. నా మెడకు మఫ్లర్ చుట్టి ముడి సరిచేసింది, చిన్నప్పుడు వాళ్లమ్మ దానికి చేసినట్టే.

ఆదివారం బేకరీ ముందు కుర్చీలన్నీ నిండి ఉంటాయి. గ్రాహం కూడా అక్కడే, కాళ్ల దగ్గర కుక్క లేకుండా కూర్చుని ఉన్నాడు. నేను రోడ్డుకు ఇవతల బల్ల మీద గిన్నె పెట్టి మూత తీశాను. అవతల కప్పుల చప్పుడు ఆగింది. ఒక ముద్ద తిన్నాను. ఉప్పు తక్కువైంది. 

అప్పుడు ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి బల్లకు ఆ చివర కూర్చుంది. క్లినిక్‌లో చూశాను ఆమెను. ఈ నేల అసలు మనుషుల్లో ఊళ్లో మిగిలిన కొద్దిమందిలో ఆమె పెద్దది. చిన్నాపెద్దా అందరూ ఆంటీ డాట్ అంటారు. మనలాగే వాళ్లూ పెద్దవాళ్లను ఆంటీ అనే పిలుస్తారని సింధుజ చెప్పింది. శుక్రవారం షుగరు పరీక్షకు మానకుండా వచ్చిన ఒకే ఒక్క మనిషి ఈమేనని కూడా చెప్పింది.

“నిన్నెవరు పంపారు?” అంది నా వైపు చూడకుండా. “గ్రాహం వాళ్లా?”

నాకు నవ్వొచ్చింది. “నిన్న గ్రాహం, మీరు పంపారా అని అడిగాడు.”

ఆమె తల తిప్పి చూసింది. 

“నేను ఎవరి మనిషినీ కాను ఆంటీ. నా భార్య పోయింది. ఆమె పేరున ఏడాదికోసారి అన్నం పెడతాం. కాకి వచ్చి తింటే ఆమె తిన్నట్టు. ఆ రోజు కాకి రాలేదు. వదిలేసి వెళ్లిపోయాను. అంతే.”

ఆమె పెదవులు కదిలాయి. “ఈ రాయి మీద. చనిపోయినవాళ్ల కోసం అన్నం.” కర్ర మీద రెండు చేతులూ వేసింది. “నేనేమనుకున్నానో తెలుసా? వార్షికోత్సవానికి కాల్డర్‌వుడ్ నాటకం వేస్తున్నారు, దానికి నీతో రిహార్సల్ చేయిస్తున్నారు అనుకున్నాను. మళ్లీ దయగల రొట్టె. గ్రాహం ఏమో మేం వాళ్ల ముఖాన కొడుతున్నాం అనుకున్నాడు.”

“ఎందుకు?”

“ఆ రొట్టెలో గొర్రెల గజ్జికి వాడే విషం ఉంది కాబట్టి.” 

ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “మా పిల్లల్నీ తల్లుల్నీ పిలిచి పెట్టాడు కాల్డర్‌వుడ్. తర్వాత వాగు నిండా వాళ్లే. మా ముత్తవ్వకు తల్లి అప్పుడు చిన్నపిల్ల. పన్ను నొప్పి. రొట్టె పెచ్చు కొరకలేక చేతిలో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. అందరూ పడిపోతుంటే పారిపోయింది. పన్ను నొప్పి వల్ల పుట్టిన వంశం మాది.”

నేను గిన్నెకు మూత పెట్టేశాను.

“ఊరికి తెలుసా?” అన్నాను.

“గ్రాహంకి వాళ్ల నాయనమ్మ చెప్పింది. చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది. ఆ కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లందరికీ ఇలాంటి నాయనమ్మే ఒకరుంది. తెలియంది ఈ ఇత్తడి రేకుకి ఒక్కదానికే.” కర్రతో ఫలకాన్ని తట్టింది. “ఇంకోటి. నువ్వు వెళ్లిన కాసేపటికే నీ కాకులు దిగాయి. నేను అక్కడ చెట్టు వెనక ఉన్నాను, నువ్వేం చేస్తున్నావో చూద్దామని. ఒక్కటి తప్ప అన్నీ తినేశాయి. ఒకటీ చావలేదు, చూడు పైన.”

పైన కొమ్మ మీద మూడు కాకులు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కాత్యాయని తిన్నది. నా ఓపిక తక్కువై ముందే వచ్చేశాను గానీ, ఆమె వచ్చింది.

“అంత తెలిసీ ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు ఆంటీ? మా అమ్మాయి బతుకు పోయేదే.”

“గ్రాహం ఏం చేస్తాడో చూద్దామని. మేం ఎప్పట్నుంచో చూస్తూనే ఉన్నాం.” కాసేపాగి, “నీ కూతురి మాట నిజమే. ఆ పిల్ల నా పాదాలు చేత్తో పట్టుకుని చూస్తుంది. అందుకే వచ్చాను,” అంది. 

తర్వాత ఆమె గిన్నె మూత తనే తీసింది. కొంచెం అన్నం వేళ్లతో తీసుకుంది. ఆమెవాళ్లెవరూ ఈ రాయి దగ్గర మంచినీళ్లు కూడా తాగరని ఆ తర్వాత తెలిసింది. ఆ మెతుకులు అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది.

“ఉప్పు తక్కువ,” అంది.

రోడ్డు అవతల ఒక కుర్చీ గీసుకుంది. గ్రాహం లేచి, రోడ్డు దాటి వచ్చాడు. మా ఇద్దరి ముందూ నిలబడి టోపీ తీశాడు.

“బెస్ తిన్నది నా ఎర. పశువుల డాక్టరు చెప్పాడు. గురువారమే చెప్పాడు,” అన్నాడు, మాకు మాత్రమే వినబడేలా.

“గట్టిగా చెప్పు గ్రాహం. బేకరీ దాకా వినిపించడం లేదు,” అంది ఆంటీ డాట్.

ఆయన మెడ ఎర్రబడింది. అటు తిరిగి మళ్లీ చెప్పాడు, గట్టిగా. ఎర తనదని, గేటుకున్న బోర్డు తనే తీసేశానని, డాక్టరుగారి నాన్నకు దీంతో సంబంధం లేదని. బేకరీ ఆవిడ లోపలికి వెళ్లి, మూడు కప్పుల టీ ట్రేలో పెట్టుకుని రోడ్డు దాటింది. బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. 

మధ్యాహ్నానికి సింధుజ ఫోన్ మోగడం మొదలైంది. మానేసిన వాళ్లందరూ సోమవారానికి టైం అడుగుతున్నారు. కాంట్రాక్టు సంగతి తాను చూసుకుంటానని గ్రాహం మెసేజ్ పెట్టాడు. “చూసినరా మామయ్యా, కాకి డెలివరీ సక్సెస్,” అన్నాడు భార్గవ్. సింధుజ నవ్వుతూ ఏడ్చింది. నాకు మాత్రం పూర్తిగా నమ్మకం కుదరలేదు. వాళ్లు సింధుజను నమ్మి వస్తున్నారా, గ్రాహం చెప్పాడని వస్తున్నారా? ఆయన నిజం చెప్పింది మా కోసమా, లేక కుక్క నిజం ఒప్పుకుంటే రొట్టె నిజం అడగరనా?

పొద్దు వాలుతుండగా గిన్నె మూత బల్ల మీదే మర్చిపోయానని గుర్తొచ్చి మళ్లీ వెళ్లాను. గ్రాహం రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో ఫలకం మరలు విప్పుతున్నాడు. ఆంటీ డాట్ బల్ల మీద కూర్చుని చూస్తోంది. సాయం చెయ్యడం లేదు, వద్దనడం లేదు. నేను మూత తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. చలిగా ఉంది. ఆమె తన ఒళ్లోని దుప్పటి సగం నా మోకాళ్ల మీదికి తోసింది.

చివరి మర ఊడింది. ఫలకం కింద రాయి లేత రంగులో ఉంది, ఎండ తగలని చర్మంలా. గ్రాహం ఇత్తడి రేకును చంకలో పెట్టుకుని స్టేషను వైపు నడిచాడు.

“మారుస్తావా, దాస్తావా?” అని ఆమె వెనకనుంచి అడిగింది.

ఆయన ఆగాడు. “ఇంకా తెలియదు డాట్.”

“రేపు వచ్చి చూస్తాను.”

“తెరిచే ఉంచుతాను.”

మ్యూజియంలో దీపం వెలిగింది. కిటికీలోంచి ఆయన నీడ అటూ ఇటూ తిరిగి, ఒకచోట వంగి, లేచింది. దీపం ఆరింది. గ్రాహం బయటికి వచ్చి, అలవాటుగా కుక్క కోసం ఒక్క క్షణం పక్కకు జరిగి దారి ఇచ్చి, గుర్తొచ్చి, ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా మూసేశాడు.